పుట్టింటి పిల్లికి బొచ్చూడిన ఏడు

మొన్న మా మనవరాలు తన పిల్లిని ఆసుపత్రి నుంచి తెచ్చి నా గదిలో వదిలింది. చూద్దును గదా, దాని మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా ఒకటి బిగించి ఉంది. పాతకాలం గ్రామఫోను పెట్టె మీద ఉండే బాకాలా ఉంది. నాలుగడుగులు వేసిందో లేదో గరాటా గుమ్మానికి తగిలి ఆగిపోయింది, ఇదంతా నేనే చేయించినట్టు వెనక్కి తిరిగి నావైపు చూసింది. తొడల లోపలివైపు, కడుపు కింద బొచ్చు లేదు. లేత చర్మం కనిపిస్తోంది. "ఏందే దీనికీ వేషం?" అన్నాను. "నాక్కుంటోంది అవ్వా. నాకి నాకి బొచ్చంతా పోగొట్టుకుంది. ఇది పెడితే నాలుక అందదు," అంది మనవరాలు. ఆ పిల్ల ఈ మధ్యే ఉద్యోగం మారి, ఊరు మారి, నన్నూ పిల్లినీ వెంటేసుకుని ఈ మూడో అంతస్తు ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ అరగంట సేపు ప్రశ్నలు వేసిందట. ఎప్పటి నుంచి, ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఈ మధ్య ఇల్లు మారారా? చివరి ప్రశ్న వినగానే నాకు నవ్వొచ్చింది, మనవరాలికి కోపం వచ్చింది. తన పిల్లి కష్టంలో ఉంటే ముసల్దానికి నవ్వులాటగా ఉందనుకుంది పాపం. నాకు ఎనభై దాటి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను గాని, ఆ ప్రశ్నకు నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను, మార్కాపురంలో, మా అత్తగారింటి అరుగు మీద కూర్చుని. అప్పుడు తెల్లదొరల రాజ్యం, మా జిల్లా కర్నూలు, మా రాజధాని మద్రాసు, నా వయసు పదహారు.

మాది కొమరోలు దగ్గర పల్లె. వానను నమ్ముకున్న సేద్యం. జొన్న, కొర్ర, ఆముదాలు. గింజలున్న ఇంట ఎలుకలుంటాయి, ఎలుకలున్న ఇంట పిల్లి ఉండాలి. ఆ పిల్లిని చేరదీసింది మా అమ్మ. దానికంటూ పేరు పెట్టలేదు. ‘ఏమే’ అని పిలిచేది, అది వచ్చేది, అదే పేరైపోయింది. నా పెళ్లికి ముందు సంవత్సరం అమ్మ జ్వరంతో పోయింది. పిల్లి నెల రోజులు ఆమె నులకమంచం కిందనే పడుకుని, తర్వాత లేచి నా వెంట తిరగడం మొదలుపెట్టింది. నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు సారెతో పాటు మా నాయన ఒక మూతబుట్టలో పిల్లిని కూడా పెట్టి తాడు కట్టాడు. మా మామగారితో మాత్రం, "ఎలకల్ని బాగా పడతాది బావా. మీ గడ్డికొట్టంలో పనికొస్తాది," అన్నాడు, జీతానికి మనిషిని కుదిర్చినట్టు. అది మా అమ్మ పెంచిన పిల్లి అని చెప్పలేదు. ముఖం అటు తిప్పుకుని తాడుకు ఇంకో ముడి వేశాడు. నేనూ చెప్పలేదు. గిద్దలూరులో రైలెక్కాం. దారి పొడుగునా బుట్టలో పిల్లి ఏడ్చింది, బుట్ట పక్కన నేను ఏడ్చాను. రైలుపెట్టెలో ఉన్నవాళ్లు ఆ ఏడుపంతా నాదే అనుకుని, కొత్త పెళ్లికూతురు మరీ ఇంత గొంతుతోనా అని చెప్పుకున్నారు.

మా మామగారిది పలకల వ్యాపారం. ఓనమాలు దిద్దే పిల్లలు ఎక్కడున్నా వాళ్ల ఒళ్లో మా ఊరి రాయే ఉంటుందని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. గని నుంచి బండ్ల మీద వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నీళ్లు పోసి నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి, ఎండుగడ్డి మధ్య పేర్చి పెట్టెల్లో రైలుకు పంపేవారు. ఇంటి వెనక కొట్టంలో ఒక మూల పలకలు, ఒక మూల గడ్డి, ఒక మూల గోనెసంచులు. పలక ఇంట్లోకి కూడా వచ్చేసింది. నీళ్లకుండ మీద మూత పలకే, ఉప్పుజాడీ మీద పలకే, కాలు పొట్టిదైన మంచానికి ఎత్తు పలకే. తలలో పేలు చూసుకోవడానికి కూడా పలకే. ఇది మీకు వింతగా ఉండవచ్చు, మా ఇంట్లో మాత్రం అంతకంటే తెలివైన పద్ధతి లేదని నమ్మకం. ఒళ్లో నల్లటి పలక పెట్టుకుని, తల వంచి, పేలదువ్వెనతో దువ్వితే తెల్లటి పేలగుడ్లు, బూడిదరంగు పేలు పలక మీద రాలి స్పష్టంగా కనిపిస్తాయి. బొటనవేలి గోటితో అక్కడికక్కడే నొక్కెయ్యవచ్చు. పక్క ఊళ్ల ఆడవాళ్లు చాప మీదా చేట మీదా వెతుక్కుంటుంటే మా అత్తకు జాలి. "ఊరికే కండ్లు పోగొట్టుకుంటారు, ఒక పలక తెచ్చుకోరాదా?" అనేది.

మా అత్త చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి, అత్త అనగానే వినేవాళ్లు చెవులు రిక్కిస్తారు కాబట్టి. మనిషి పెద్దది, గొంతు పెద్దది, శుభ్రం ఆ రెంటికంటే పెద్దది. ఏది చెప్పినా ఉత్తరువు ఇచ్చినట్టు చెప్పేది. నన్ను పేరు పెట్టి కాకుండా ఆమె కూడా ‘ఏమే’ అనే పిలిచేది. వంటింట్లోంచి ఆ కేక వినబడితే కొట్టంలోంచి పిల్లీ, పెరట్లోంచి నేనూ ఒకేసారి పరిగెత్తేవాళ్లం. చాలాసార్లు పిల్లే ముందు చేరేది. "నిన్ను గాదే!" అని ఆమె కసిరితే అది ఎవరిని అన్నదో తెలియక ఇద్దరం నిలబడిపోయేవాళ్లం. అత్తతో నాకు పరిచయం ఆ మాత్రమే. ఏం వండాలో చెప్పేది, వండేదాన్ని. తిన్నావా అని అడిగేది, తిన్నాననేదాన్ని. అంతకు మించి ఆమె అడిగింది లేదు, నేను చెప్పింది లేదు.

వచ్చిన కొత్తలో పిల్లి గోనెసంచుల వెనక దూరి కూర్చుని ముంగాళ్లు నాక్కునేది. పిల్లి నాక్కోవడంలో వింతేముంది, అది దాని స్నానం. వానలు పట్టాక మాత్రం సంగతి వేరుగా కనిపించింది. తింటూ తింటూ ఆగి నాక్కునేది. ఎలుక ఎదురుగా పోతున్నా వదిలేసి తొడ కొరుక్కునేది. ముందు తోక మొదట్లో పలచబడింది, తర్వాత తొడలు. శ్రావణం సగం గడిచేసరికి కడుపు కింద అరచెయ్యంత బోడి. దానిది పలకరంగు, వచ్చిన రోజు మా మామగారు మన సరుకురంగే అని మురిసిపోయాడు. ఇప్పుడు దాన్ని చూసి చట్రం ఊడిన పలక అంటున్నాడు.

ఒకనాడు భోజనాల దగ్గర మా అత్త పప్పులోంచి సన్నటి వెంట్రుక ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. అందరి చేతులూ ఆగిపోయాయి. "ఏందే ఇది? నీ పిల్లి కడుపు జూసినావా? బొచ్చు పీకిన కోడి మాదిరుంది. దసరా ఎల్లంగానే బిడ్డ పురిటికొస్తాంది. గజ్జిపిల్లిని ఇంట్లో పెట్టుకోని పసిబిడ్డను ఎక్కడ పండేసేది?" బిడ్డ అంటే నా ఆడబిడ్డ, మొదటి కాన్పు. "దసరా లోపల బాగైతే సరి. లేకుంటే సంచిలో ఏసి గుండ్లకమ్మ అవతల ఇడిసిపెట్టి రావాల," అని తీర్పు చెప్పింది. చంపమనే మాట ఎవరి నోటా రాదు. పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమిస్తే గాని ఆ పాపం పోదని మా వైపు నమ్మకం. అందుకని ఏరు దాటించడం. మా ఆయన ఆ సాయంత్రమే ఒక మంచి సంచి ఏరి తలుపు వెనక మేకుకు తగిలించాడు. తల్లి మాట ఆయనకు వేదం. పెళ్లయి నాలుగు నెలలే, నా మాటకు ఇంకా బోణీ కాలేదు.

ఆ సంచి చూసినప్పుడల్లా నన్నే అందులో వేసి మూతి కట్టినట్టు ఊపిరాడేది కాదు. అమ్మ పోయింది, ఆమె చీరలు పంచేశారు. ఆమె చేతి కింద పెరిగిన ప్రాణి ఇదొక్కటే నాకు మిగిలింది. కాని కొత్త కోడలు పిల్లి కోసం ఏడుస్తోందంటే వినేవాళ్లు నవ్వుతారు. నోరు మూసుకుని గిన్నెలు తోముకున్నాను.

రోగం వచ్చిందనగానే వీధిలో ఇంటికొక వైద్యుడు పుట్టాడు. వేడి చేసింది, మజ్జిగ పొయ్యమన్నారు ఒకరు. సాలెపురుగు పాకిందన్నారు ఇంకొకరు. దిష్టి అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లికి దిష్టి పెట్టేంత తీరికున్నవాళ్లెవరో నాకు అర్థం కాలేదు. వీళ్లందరిలోకీ తెలివిగా ఆలోచించింది మా అత్తే. "ముందు పేలున్నాయేమో చూద్దాం," అని పేలదువ్వెన తెచ్చింది. నేను పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. మా అత్త కింద పలక పెట్టి, వీపు నుంచి తోకదాకా పది పదిహేనుసార్లు దువ్వి, పలకను ఎండలోకి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. "పేనూ లేదు, గుడ్డూ లేదు. పలక కడిగినట్లుంది," అంది. మా ఇంట్లో పలక చెప్పిందంటే దాని మీద అప్పీలు లేదు. పేలు కాకపోతే గజ్జి. అక్కడితో రోగనిర్ణయం అయిపోయింది.

గజ్జి అనగానే మా మామగారు హుషారుగా లేచాడు. అంతకు ముందు ఏడు ఆయన బర్రెకు గజ్జి వస్తే కానుగనూనెలో గంధకం కలిపి పూసి నయం చేశాడు. అప్పటి నుంచి తనను తాను పశువుల డాక్టరుగానే లెక్కేసుకునేవాడు. మా అత్త కిరసనాయిలు పూయమంది గాని అవి యుద్ధం రోజులు, కిరసనాయిలు దీపానికే చాలడం లేదు. ఎక్కడో సముద్రాల అవతల కొట్టుకుంటున్నవాళ్లు తమకు తెలియకుండానే మార్కాపురంలో ఒక పిల్లి ప్రాణం కాపాడారు. కానుగనూనె మాత్రం కొదవ లేకుండా ఉంది. ఒకరోజు పొద్దున్నే మామగారు మా ఆయన చేత పిల్లి కాళ్లు పట్టించి, తాను స్వయంగా మెడ నుంచి తోక దాకా పట్టించాడు, బర్రెకు పట్టించినట్టే ధారాళంగా. "చర్మం చర్మమే గదా, బర్రెదైతే ఏంది, పిల్లిదైతే ఏంది," అన్నాడు. బర్రెకు మందు పూస్తే బురద పూసుకున్నట్టు పూసుకుని నెమరేసుకుంటూ నిలబడుతుంది. పిల్లి అలా నిలబడదు. వదిలీ వదలగానే పొయ్యి పక్కన కూర్చుని, ఒంటి మీది నూనె చుక్క మిగలకుండా నాకి శుభ్రం చేసుకుంది. మేమేమో మందు ఇంకిపోతోందని సంతోషించాం.

మధ్యాహ్నానికి పిల్లి నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. రెండుసార్లు కక్కింది. తర్వాత కాళ్లు చాపి పడిపోయింది, పిలిస్తే చెవి కూడా కదపలేదు. మా మామగారి ముఖం పాలిపోయింది. గనికి పోవలసినవాడు పోకుండా పిల్లి ముందు గొంతుక్కూర్చుని దణ్ణం పెట్టడం నేను ఈ కళ్లతో చూశాను. "సావబాకే తల్లీ. బుద్ధి గడ్డి తిని పూసినా. కాశీకి నేను యాడ పోను?" అని బతిమాలాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సరిగ్గా అప్పుడు ఎదురింటి దర్జీ తల్లి వచ్చింది. వీధి వీధంతా ఆమెను నానీ అనేది, మా అత్త మాత్రం అక్కా అనేది. వాళ్లింట్లో ఎప్పుడూ నాలుగు పిల్లులకు తక్కువ ఉండేవి కావు; ఆమె కొడుకు దగ్గర చొక్కా కుట్టించుకుంటే దానితో పాటు కొంత పిల్లిబొచ్చు కొసరుగా వచ్చేది. పుట్టబోయే బిడ్డ కోసం మా అత్త కుట్టమన్న బుల్లి చొక్కాలు ఇచ్చిపోదామని వచ్చిన మనిషి, పిల్లిని చూసి చొక్కాలు గూట్లో పడేసింది. "అరె, నక్కో నక్కో!" అంది; వద్దు వద్దని. "ఏం పూసినారయ్యా దీనికి? పిల్లి ఒంటికి పూస్తే దాని నోట్లో పోసినట్లే గద. దానికి నాలికే చెయ్యి, నాలికే తువ్వాలు." గోరువెచ్చని నీళ్లూ పెసరపిండీ తెమ్మంది. మా అత్త మారుమాట్లాడకుండా పొయ్యి రాజేసింది. ముగ్గురం కలిసి మూడుసార్లు కడిగాం. పాత చీరతో ఒత్తి తుడిచి, ఒళ్లో వెచ్చగా పెట్టుకుని, నానీ గుడ్డకొసతో నోట్లో నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసింది. మరునాటి పొద్దుటికి పిల్లి తల ఎత్తింది. ఆ మరునాడు రెండు గుటకలు పాలు తాగింది. మా మామగారు కాశీ ప్రయాణం మానుకుని గనికి వెళ్లాడు.

నాలుగో రోజు నానీ అరుగు మీద తీరిగ్గా కూర్చుంది. "ప్రాణం సంగతి అయిపాయ. ఇంక బొచ్చు సంగతి చూద్దాం," అంది. ముందు బోడిగా ఉన్నచోట వేలితో ఎదురు నిమిరింది, నా వేలు కూడా పట్టుకుని నిమిరించింది. గరుగ్గా తగిలింది, గీయించుకున్న మర్నాటి గడ్డంలా. "చూసినావా బేటీ, ఇది ఊడిన బొచ్చు గాదు, కొరికి తుంచిన బొచ్చు. గజ్జి గాదు, చర్మం శుభ్రంగా ఉంది. తామరయితే గుండ్రంగా పొట్టు లేస్తాది, పిల్లకాయలకు గూడా అంటుకుంటాది. ఇది అదీ గాదు." తర్వాత కొడుకు అంగడి నుంచి తెచ్చిన తెల్లటి మల్లుగుడ్డ ముక్క పిల్లి కింద పరిచి, అదే పేలదువ్వెనతో దువ్వింది. గుడ్డ మీద నల్లటి పొడి రాలింది, మిరియాలు దంచినట్టు. "అది పలకపొడి నానీ. మా ఇంట్లో అన్నిట్లో ఉంటాది," అన్నాను నేను. నానీ వేలు నీళ్లలో ముంచి ఆ పొడి మీద ఒక చుక్క వదిలింది. చూస్తుండగానే చుక్క చుట్టూ గుడ్డ ఎర్రబడింది. "పలక యాడన్నా రక్తం కారుస్తాదా బేటీ?" అంది. అది పిల్లి రక్తం తాగిన పురుగులు విడిచిన మలం. మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, నల్లటి పురుగు ఒకటి గుడ్డ మీద నుంచి ఎగిరి మా అత్త మోకాలి మీదికి దూకింది. అంత మనిషీ అరుగు దిగి వీధిలో నిలబడింది.

మా మామగారు అప్పుడే ఇంటికి వచ్చాడు. సంగతంతా విని, నమ్మకం కుదరక లోపలి నుంచి పలక తెచ్చి, గుడ్డ మీది పొడి కొంచెం దాని మీద దులిపాడు. పొడి మాయమైపోయింది. పలకను ఎండలో పెట్టాడు, ఏటవాలుగా పట్టాడు, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. నల్లదాని మీద నల్లది. మరి మా పలక మంచిదే, మనుషుల తలలో పేలకు దానిని మించింది లేదు. పిల్లి సంగతే దానికి తెలియదు. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా పలకలమ్ముతుండా. పలక మీద కనపడనిది గూడా ఒకటుంటాదని నాకు ఈ పొద్దు తెలిసింది," అన్నాడు. మా మనవరాలి డాక్టరమ్మ కూడా మొన్న తెల్లకాగితం తడిపి దాని మీద పొడి రాల్చి చూపించిందట. ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ పరీక్ష మాత్రం మా నానీ చేసిందే.

నానీ అంతటితో ఆపలేదు. పురుగు కుట్టినంత మాత్రాన ఏ పిల్లీ ఇంతలా కొరుక్కోదని ఆమె అనుమానం. "ఎప్పటి నించి నాక్కుంటాంది? సొంత పిల్లా, కొత్తగా తెచ్చినారా?" అని అడిగింది. "వానలకు ఎక్కువైంది గాని, ఈ ఇంటికొచ్చిన కాణ్నించే కొంచెం కొంచెం ఉంది నానీ," అన్నాను. "దిగులుంటే గూడా పిల్లి ఇట్లనే నాక్కుంటా కూచుంటాది. ముందు ఎవురి చేతి కింద పెరిగింది?" అంది. ఆ ప్రశ్నకు నేను తయారుగా లేను. "మా అమ్మ చేతి కింద," అన్నాను. అంతే, నాలుగు నెలలుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. అమ్మ మంచం, పిల్లి ఆ మంచం కింద పడుకోవడం, బుట్టకు తాడు కట్టేటప్పుడు నాయన ముఖం తిప్పుకోవడం, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. మా అత్త నావైపు అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"ఇన్నాళ్లు ఈ మాట ఎందుకు చెప్పల్యా?" అంది.

"మీరడగలేదు గదత్తా," అన్నాను. అది ఎదురుచెప్పడమో కాదో ఆలోచించే స్థితిలో లేను.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. కోపం వచ్చిందనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో తలుపు వెనక మేకుకు తగిలించిన సంచి ఉంది. నేను పిల్లిని ఒళ్లోకి లాక్కున్నాను. ఆమె ఆ సంచి మా ఆయన మీదికి విసిరి, "పురుగు గడ్డిలోనే ఉంటాది, సంచుల్లోనే ఉంటాది. కొట్టంలో ఉన్న పాత గడ్డి, పాత సంచులు అన్నీ బయటేసి కాల్చు. ముందు దీన్ని ఎయ్," అంది. మా ఆయన వేదవాక్కును ఎప్పటిలాగే శిరసావహించాడు. ఆ మంట చూస్తూ నిలబడ్డప్పుడు నాకు కలిగిన సుఖం ఆ తర్వాత బంగారు గాజులు చేయించుకున్నప్పుడు కూడా కలగలేదు.

అయినా గండం పూర్తిగా గడవలేదు. పురుగు ఒక్కటి మిగిలినా పసిబిడ్డ ఉన్న ఇంట్లో పిల్లి ఉండడానికి వీల్లేదు, ఆ విషయంలో మా అత్త పట్టు వదల్లేదు. నానీ కూడా సరే అంది. తెల్లగుడ్డ మీద నల్లపొడి రాలినన్నాళ్లూ పిల్లికి కొట్టమే గతి. దసరాకు ఇంకా నెలా పది రోజులు. పిల్లిని దువ్వడం కంటే ఇల్లు దువ్వడం ఎక్కువ పని అని అప్పుడు తెలిసింది. కొట్టం ఊడ్చి పేడతో అలికాం, గోడలకు సున్నం కొట్టాం, కొత్త గడ్డి ఎండబెట్టి గాని లోపలికి తేలేదు. పిల్లి పడుకునే గుడ్డను రెండు రోజులకొకసారి ఉడకబెట్టాం. ఒంటికి మాత్రం ఏ నూనే ముట్టించలేదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక దువ్వడం, దువ్వెనను వేణ్ణీళ్ల గిన్నెలో ముంచి పురుగుల్ని చంపడం. మొదట్లో నేను దువ్వితే మా అత్త దూరంగా నిలబడి చూసేది. నాలుగు రోజులకు, "అట్ల గాదే, తోక మొదట్లో దువ్వు," అంది. వారానికి దువ్వెన నా చేతిలోంచి లాక్కుంది. ఆ తర్వాత అది ఆమె పనైపోయింది. కాళ్లు బారచాపి పిల్లిని మోకాళ్ల మీద వేసుకుని, దువ్వుతూ దానితో లోకాభిరామాయణం మాట్లాడేది. పనిలో పనిగా నన్నూ అడిగేది: మీ అమ్మ చింతకాయ ఎట్ల తొక్కేది? మీ అమ్మ ఎవరి పోలిక? నువ్వు ఆమె మాదిరే ఉంటావా? పిల్లి గురగురలాడుతుంటే నేను జవాబులు చెప్పేదాన్ని. కొన్నాళ్లకు పిల్లి నన్ను వదిలి ఆమె వెంట తిరగడం మొదలుపెట్టింది. నాకు కొంచెం కుళ్లు కూడా కలిగిందని ఒప్పుకుంటాను.

మహాలయ పక్షాల్లో ఒకనాడు గుడ్డ తెల్లగా వచ్చింది. మా అత్త నమ్మకుండా ఇంకో పదిసార్లు దువ్వింది, నీళ్లు చల్లింది, గుడ్డను ఎండకు పట్టింది. ఏమీ లేదు. మూడు రోజులు వరసగా అదే. ఎదురింటి వైపు తిరిగి, "అక్కా, గుడ్డ తెల్లగా ఉంది!" అని ఆమె పెట్టిన కేక స్టేషనుదాకా వినబడి ఉంటుంది. బొచ్చు మాత్రం ఇంకా రాలేదు. నేను రోజూ పొద్దున లేవగానే దాని కడుపు నిమిరి చూసుకునేదాన్ని. "బొచ్చు దాని తీరికను బట్టి వస్తాది బేటీ, పిలిస్తే రాదు," అని నానీ నవ్వేది. దసరా నాటికి సన్నటి నూగు మొలిచింది, దూరం నుంచి చూస్తే ఉన్నట్టూ లేనట్టూ.

దసరా వెళ్లిన నాలుగో రోజు ఆడబిడ్డ బండి దిగింది. నేను కాళ్లకు నీళ్ల చెంబు తీసుకుని గడప దగ్గర నిలబడ్డాను. పిల్లి నాకంటే ముందు పోయి అరుగు మీద కూర్చుంది, ఇంటి పెద్దలాగా. ఆడబిడ్డ దాన్ని చూసి చీర కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని, "అమ్మా, ఏంది ఈ బొచ్చులేని పిల్లి! ఎవురిది?" అంది.

మా అత్త నా వైపు చూడలేదు. బండిలోంచి మూట దించుతూనే, "మా వియ్యపురాలిది," అంది. "ఆమె లేదు. దీన్నీ, ఈ పిల్లనీ మన కాడికి పంపించింది. రెంటినీ బాగా చూసుకోవాల. దాన్ని ఏమనబాక."

నా చేతిలో చెంబు ఒలికి సగం నీళ్లు గడప మీద పడ్డాయి. మా అత్త మా అమ్మను ఎన్నడూ చూడలేదు. అమ్మ పోయాకే ఈ సంబంధం కుదిరింది. చనిపోయిన మనిషి వియ్యపురాలు కావడం నేను ఎక్కడా వినలేదు, ఆమె మాత్రం ఆ రోజు మా అమ్మకు ఆ వరస కట్టబెట్టింది. తర్వాత వీధిలో ఎవరు అడిగినా అదే మాట. నాకు నా అన్నవాళ్లు లేరన్న బాధ ఆ గడప దగ్గరే పోయిందని ఇప్పుడు అనుకుంటాను గాని, అప్పుడు మాత్రం చెంబు మళ్లీ నింపుకు రావడానికి లోపలికి పరిగెత్తి, నీళ్లకుండ దగ్గర కాసేపు ఉండిపోయాను.

ఆడబిడ్డకు కార్తీకంలో మగపిల్లవాడు పుట్టాడు. పిల్లికి బొచ్చు ఎప్పుడు పూర్తిగా మొలిచిందో మాత్రం మేం ఎవరం చూడలేదు. ఏ రోజు ఎక్కడ ఊడిందో అన్నీ గుర్తున్నాయి, పప్పులో వెంట్రుక దొరికిన పూటతో సహా. మొలవడం అలా కాదు. సంక్రాంతి దాటాక ఎవరో ‘దీనికేనా ఆనాడు బొచ్చూడింది’ అంటే అందరం ఒంగి చూశాం, అప్పటికే నిండుగా ఉంది. కొమరోలు దగ్గర ఉన్నది మా ఇల్లు, ఇది అత్తగారిల్లు అనుకుంటూ వచ్చినదాన్ని, ఆ మాట ఏ రోజు మానేశానో కూడా నాకు తెలియదు. తెలియకుండానే ఒకనాటికి అది మా ఇల్లయి ఉంది, నేను చూసేసరికి.